పార్కింగ్ లాట్‌లో ప్రదక్షిణ

నేను ఇంగ్లాండు ఎప్పుడూ వెళ్ళలేదు. అయినా అక్కడి ఒక చిన్న ఊళ్ళో, పాత కోట గుమ్మం దగ్గర మొదలుపెట్టి, చేపల బజారు సందులోంచి కెథీడ్రల్ అనే పెద్ద చర్చి పడమటి ద్వారం దాకా కళ్ళు మూసుకుని నడవగలను. ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడ తలెత్తి చూడాలో చెప్పగలను. ఎందుకంటే ఆ ఊరిని నేను అమెరికాలో మేముండే షామ్‌బర్గ్‌లో, ఒక షాపింగ్ మాల్ వెనక పార్కింగ్ లాట్‌లో, ఒక చలికాలమంతా నడిచాను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, "ఆంటీ, మీ కెరీర్‌లో బెస్ట్ ప్రాజెక్ట్ ఏది?" అని అడుగుతుంటారు. బాగా చేసినవేవీ నాకే సరిగ్గా గుర్తులేవు. వాటిని మెచ్చుకుని కేక్ కోసి మరిచిపోయాం. చెడగొట్టినది మాత్రం నిన్న జరిగినట్టుంది. అందుకని మీకూ అదే చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నా వృత్తి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకోళ్ళు చేసిన పనిలో తప్పులు వెదికి రాయడం. "నీకు జీతమిచ్చి మరీ ఈ పని చేయించుకుంటున్నారా? ఇంట్లో ఊరికే చేస్తావుగా" అని మా ఆయన ఏడిపించేవారు. ఆ మాటలో నిజముంది. నా కంటపడని తప్పు లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. గురివింద గింజకి తన కింద నలుపు కనపడదని మా అమ్మమ్మ అంటుండేది కానీ, అది ఊళ్ళో వాళ్ళ గురించి అనుకునేదాన్ని.

రెండువేల ఆరు చివర్లో సంగతి. పదకొండు మందిమి పనిచేసే చిన్న కంపెనీ మాది, ఒక పళ్ళ డాక్టరు ఆఫీసు పక్కన ఉండేది. టూరిస్టులు మెడలో వేసుకుని తిరిగే ఒక పరికరం మేం తయారుచేసేవాళ్ళం. సబ్బుబిళ్ళంత ఉంటుంది. చెవికి ఇయర్‌ఫోన్ తగిలించుకుని నడుస్తుంటే, మీరెక్కడున్నారో జీపీఎస్ ద్వారా కనిపెట్టి, అక్కడి కథ అక్కడ వినిపిస్తుంది. దారి తప్పితే కీచుమంటుంది. ఇప్పుడు మీ ఫోన్లన్నీ చేసే పనే, అప్పట్లో మాత్రం వింత.

ఇంగ్లాండులోని ఆ చిన్న ఊరి కెథీడ్రల్ వాళ్ళు మాకు పని ఇచ్చారు. వాళ్ళ ఊళ్ళో ఒక పెద్దావిడ ముప్పై ఏళ్ళుగా రోజూ ఉదయం టూరిస్టులను వెంటబెట్టుకుని ఊరంతా నడిపించి చూపించేదట. మోకాళ్ళు అరిగిపోయాయి, చూపు మందగించింది. ఇక నడవలేదు. ఆవిడ స్థానంలో ఇంకొకరిని పెట్టే బదులు ఆవిడ గొంతునే పరికరంలో పెడదామనుకున్నారు. చివరి ఏడాది టూర్లలో ఆవిడ మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు, ఊరి మ్యాపు మాకు పంపారు. షరతు ఒక్కటే. గొంతు ఆవిడది కాబట్టి, మొత్తం విని ఆవిడ సరేనని సంతకం పెట్టాలి.

ఆ ప్రాజెక్టుకి లీడ్‌ని నేను. నా కింద ప్రోగ్రామర్‌గా ఒకే ఒక్క అమ్మాయి. కరీంనగర్ దగ్గర పల్లె నుంచి వచ్చి, ఇక్కడే మాస్టర్స్ చేసింది. నేనే మా మేనేజర్‌తో మాట్లాడి ఆమెను తీసుకున్నాను. ఆఫీసులో అందరూ నన్ను పేరు పెట్టి పిలిచేవారు, ఈ పిల్లకు మాత్రం నోరు రాక ఆంటీ అనేది. స్టూడెంట్ వీసా మీద పనిచేసుకునే గడువు ఆమెకి జూన్‌తో అయిపోతుంది. ఏప్రిల్ మొదటి తారీఖుకల్లా కంపెనీ ఆమె హెచ్‌వన్ ఉద్యోగ వీసా పేపర్లు పంపాలి. మా మేనేజర్ చెడ్డవాడు కాదు కానీ ఖరాఖండీ మనిషి. "ఇంగ్లాండు సంతకం వస్తే నీ పేపర్ల మీద నేను సంతకం పెడతాను. రాకపోతే ఈ ప్రాజెక్టే ఉండదు, నీకు పనెక్కడ చూపించను?" అని మొహం మీదే చెప్పేశాడు. అంటే ఎక్కడో ఒక ముసలావిడ పెట్టే సంతకం మీద ఈ పిల్ల ఇక్కడ ఉండడం ఆధారపడింది.

పరికరాన్ని ఇంగ్లాండు తీసుకెళ్ళి పరీక్షించే స్తోమత మాకు లేదు. ఆ అమ్మాయే ఉపాయం కనిపెట్టింది. ఆ ఊరి అక్షాంశ రేఖాంశాల్లోంచి ఇంత తీసి, ఇంత కలిపి, ఊరిని మొత్తంగా పట్టుకొచ్చి మాల్ వెనక ఖాళీగా ఉండే పార్కింగ్ లాట్‌లో దించింది. మొదటిరోజు లెక్క కుదరక చర్చి తూర్పు పడమరలకు సాగిపోయింది. రెండోరోజుకి సర్దింది. జీ ఫోర్ అని రాసున్న దీపస్తంభం పడమటి ద్వారం. డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి సరుకు దించే లోడింగ్ డాక్ బిషప్ గారి ఇల్లు. షాపింగ్ కార్ట్లు పెట్టే కంచె చేపల బజారు. నెత్తిన ఉన్ని టోపీ, కాళ్ళకు మంచుబూట్లు వేసుకుని ఖాళీ లాట్‌లో ఆకాశం వంక చూస్తూ "ఓహో" అనుకుంటూ తిరిగేవాళ్ళం. ఒకసారి సెక్యూరిటీ అతను బండి ఆపి, ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు. ఇంగ్లాండు చూస్తున్నామని చెప్పాను. ఆ తర్వాత మా జోలికి రాలేదు.

ఊళ్ళో పన్నెండు స్టాపులకు మ్యాపు మీద అంకెలు వేసి పంపారు. చర్చి చుట్టూ ఉన్న అయిదింటికి మాత్రం వట్టి ఇంటూ గుర్తులే ఉన్నాయి. మ్యాపు ముందొచ్చింది, క్యాసెట్లు ఇంకా దారిలోనే ఉన్నాయి. పని ఆగకూడదని నేనే పెన్సిలు తీసుకుని వాటికి అంకెలు వేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పడమటి ద్వారం ముందు నిలబడితే ఎడమవైపు వెళ్ళాలి. ఉత్తరం, తూర్పు, దక్షిణం తిరిగి మళ్ళీ ద్వారం దగ్గరికి రావాలి. ఇందులో ఆలోచించడానికేముంది అనుకున్నాను.

క్యాసెట్లు వచ్చాక ఆ అమ్మాయి ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"ఆంటీ, టేప్‌ల ఆమె రైట్‌కు తిరగమంటున్నది. మనం లెఫ్ట్‌కు పెట్టినం."

"చర్చి చుట్టూ అటునుంచి ఎవరు తిరుగుతారమ్మా? టేపులు ఎక్కించేటప్పుడు సైడ్లు తారుమారై ఉంటాయి."

"చివరికి ఒక నిమిషం ఏం మాట్లాడతలేదు. ఊకె గాలి చప్పుడే ఉంది."

"చూశావా మరి. ఖాళీ టేపు అది. సైడ్లు తారుమారయ్యాయనడానికి అదే సాక్ష్యం. ఆ నిమిషం కోసెయ్."

"ఒక్కసారి వాళ్ళకు మెయిల్ చేసి అడుగుదామా?"

"ఇంత చిన్నదానికి అడిగితే మనకి పనిరాదనుకుంటారు. నేను చెబుతున్నాగా, నా ఆర్డర్‌లో పెట్టు."

పెట్టింది. ముక్కల్ని నా వరసలోకి జరిపింది. "ఇందాక చెప్పుకున్న బిషప్పులు" లాంటి అతకని మాటలన్నీ కత్తిరించింది. నేను పార్కింగ్ లాట్‌లో నలభైసార్లు నడిచి, ఒక్క తప్పూ లేదని రిపోర్టు రాశాను. నేనే వేసిన దారిని నేనే పరీక్షిస్తే తప్పెలా దొరుకుతుంది? ఈ ముక్క రాసిపెట్టుకోండి, మీకు పనికొస్తుంది.

మార్చి రెండో వారంలో ఆ పెద్దావిడ మిల్వాకీలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చింది. ఇంత దూరం వచ్చాను కదా, మీ ఆఫీసుకే వచ్చి వింటానని కబురు పెట్టింది. ఒక ఉదయం కూతురు కారులో తీసుకొచ్చి దింపింది. పొట్టి మనిషి, వానకోటు, చేతికర్ర. చూపు ఆనక మన మొహాలకు దగ్గరగా వచ్చి పలకరించేది. నలుగురం పార్కింగ్ లాట్‌కి వెళ్ళాం. ఆవిడ, మా మేనేజర్, ఆ అమ్మాయి, నేను. మూలల్లో మాసిన మంచుకుప్పలు ఇంకా కరగలేదు.

కోట గుమ్మం దగ్గర ఇయర్‌ఫోన్ తగిలించుకుని ఆవిడ నడక మొదలుపెట్టింది. చేతికర్ర తారు మీద టకటకలాడుతోంది. తన గొంతు తానే వింటూ నవ్వుకుంది. "ఇంత గబగబా మాట్లాడతానా నేను? పాపం వాళ్ళంతా ఎలా భరించారో" అంది. చేపల బజారు దగ్గర, అక్కడ లేని మెట్టు దిగుతున్నట్టు జాగ్రత్తగా కాలు వేసింది. మా మేనేజర్ నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. ఆ అమ్మాయి మొహంలో రెండు నెలలుగా చూడని వెలుగు చూశాను.

జీ ఫోర్ స్తంభం దగ్గరికి వచ్చాం. పరికరం ఎడమవైపు తిరగమంది. ఆవిడ కాళ్ళు కుడివైపు తిరిగాయి. కీచుమంది. ఆవిడ ఆగి, వెనక్కొచ్చి, మళ్ళీ నడిచింది. మళ్ళీ కుడికే. మళ్ళీ కీచు. మూడోసారి ఇయర్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుని అంది.

"ఇది నా నడక కాదు."

"ఈ రూట్ ఎవరు పెట్టారు?" అని అడిగాడు మేనేజర్.

ఇక్కడ నేను నోరు తెరవాలి. తెరవలేదు. అప్పటికి నాకు యాభై మూడేళ్ళు, మా అబ్బాయి కాలేజీ రెండో సంవత్సరం, ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు అన్న లెక్కలన్నీ ఒక్కసారిగా వచ్చి నాలుక మీద కూర్చున్నాయి. పది పన్నెండు సెకన్లు గడిచి ఉంటాయి. అంతలో పక్కనుంచి చిన్న గొంతు వినిపించింది.

"ఐ డిడ్ ద సీక్వెన్సింగ్."

ఆ అమ్మాయి. వరస పెట్టింది తనేనంటోంది. మేనేజర్ ఆమె వంక చూసి, "సరే, ఆఫీసుకి వెళ్ళాక మాట్లాడదాం" అన్నాడు. ఆ సరే అనడంలో పేపర్ల సంగతి తేలిపోయిందని ముగ్గురికీ తెలుసు. అప్పుడైనా నేను మాట్లాడలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

పెద్దావిడ మాత్రం కోప్పడలేదు. నా మోచెయ్యి వెదికి పట్టుకుంది. "మీ యంత్రం నన్ను ఎటు తీసుకెళ్ళాలనుకుంటోందో చూద్దాం, నడిపించు" అంది. ఇద్దరం బయల్దేరాం. పరికరం ఆవిడ చేతిలోనే ఉంది, ఇయర్‌ఫోన్ ఎవరి చెవికీ లేదు. నేను నడుస్తున్నాను. ఉత్తరం వైపు తిరిగాం, తూర్పుకొచ్చాం. అక్కడ ఆవిడ ఆగింది.

"నువ్వు ఏదీ వినడం లేదు, దేన్నీ చూడడం లేదు. ఇంత నిశ్చింతగా ఎలా నడుస్తున్నావు?"

అప్పుడు తెలిసింది నాకు. నిజంగా అప్పుడే. ఖాళీ పార్కింగ్ లాట్‌లో, లేని చర్చిని కుడిచేతి వైపు ఉంచుకుని నేను ప్రదక్షిణ చేస్తున్నాను. ఆ అంకెలు వేసింది నా బుర్ర కాదు, నా కాళ్ళు. మూడేళ్ళ పిల్లగా మా నాన్నమ్మ చిటికెన వేలు పట్టుకున్నప్పటి నుంచి నా కాళ్ళకు తెలిసిన దారి అదొక్కటే. ఆవిడ ముప్పై ఏళ్ళ దారి టేపులో వినిపిస్తున్నా, ఆ పిల్ల చెబుతున్నా, నాకు చెవికెక్కలేదు.

ఆగిపోయాను. గొంతు పెంచి, వెనకొస్తున్న మేనేజర్‌కి వినబడేట్టు చెప్పాను. "మా దేశంలో గుడి చుట్టూ ఇలా తిరుగుతాం. దేవుడు కుడివైపు ఉండాలి. ఈ దారి వేసింది నేను. ఈ అమ్మాయి తప్పని చెప్పింది, మెయిల్ చేసి అడుగుదామంది. నేనే వద్దన్నాను. టేపే తప్పన్నాను. ఇందాక అడిగినప్పుడు కూడా భయపడి ఊరుకున్నాను."

మేనేజర్ మంచుకుప్పను బూటుతో తన్నాడు. పెద్దావిడ మాత్రం నా మోచెయ్యి వదల్లేదు.

"అయితే ఇన్నాళ్ళూ నా చర్చిని నీ దేవుడితో సమానంగా చూశావన్నమాట. దానికి నేనేం కోప్పడను" అంది. ఆ తర్వాత నన్ను ఉత్తరం వైపుకి వెనక్కి తీసుకెళ్ళి, ఒక స్తంభం దగ్గర నిలబెట్టి చెప్పింది. ఎండ పడే దక్షిణం వైపు బిషప్పులు, పెద్దవాళ్ళు ఉంటారట, సమాధి రాళ్ళ మీద పేర్లతో. ఎండ పడని ఉత్తరం వైపు ఏ రాయీ ఉండదట. దారినపోతూ ఆ ఊళ్ళో చచ్చిపోయినవాళ్ళు, ఎవరూ తమవాళ్ళని చెప్పుకోనివాళ్ళు, పెద్దల పక్కన పూడ్చడానికి ఊరు ఒప్పుకోనివాళ్ళు అక్కడున్నారట.

"వీళ్ళ గురించి ముందు చెబితే, బిషప్పుల దగ్గరికి వచ్చేసరికి అందరూ మరిచిపోతారు. అందుకే ఆఖరికి తీసుకొస్తాను. తీసుకొచ్చి, ఒక నిమిషం ఏమీ మాట్లాడను. వాళ్ళ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు కదా" అంది.

నేను కోయించిన నిమిషం అది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆవిడకి సరిగ్గా కనపడలేదనుకుంటాను.

ఆ సాయంత్రం ఆ అమ్మాయిని కిచెన్‌లో పట్టుకున్నాను. "నీ మీద ఎందుకేసుకున్నావు? నీ పేపర్లు పోతే?"

"అబద్ధం చెప్పలే ఆంటీ. ఫైల్స్ జరిపింది నేనే గదా." కాఫీ కప్పు కడుగుతూ తలెత్తకుండా అంది. "మీరు ఊకున్నరు. మీకు నోరు రాలేదేమో అనుకున్న."

ఇంతకన్నా చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

పెద్దావిడ ఇంకొక్క రోజే రాగలనంది. పాత టేపులోని ముక్కల్ని మళ్ళీ ఆవిడ వరసలో పెట్టి, కత్తిరించినవి మా దగ్గర లేవు, క్యాసెట్లు ఎప్పుడో తిరిగి పంపేశాం కాబట్టి, ఆ అతుకుల మాటలు ఆవిడచేత కొత్తగా చెప్పించి రికార్డు చేయాలి. ఆఫీసులో పళ్ళ డాక్టరు యంత్రం గుయ్యిమంటూ ఉంటుంది. నా వ్యాన్‌ని పార్కింగ్ లాట్ మధ్యలో ఆపి, అద్దాలు ఎత్తి, కిటికీలకి మా ఇంటి దుప్పట్లు కప్పి, దాన్నే స్టూడియో చేశాం. ఇంజిన్ ఆపేశాం, హీటరు లేదు. నేను డ్రైవర్ సీట్లో, ఆవిడ పక్కన, వెనక సీట్లో ఆ అమ్మాయి మైకు పట్టుకుని. మాటలన్నీ అయ్యాయి. ఇక ఆ నిమిషం మిగిలింది. మేనేజర్ అద్దం తట్టి, అక్కడ ఖాళీ వదిలేస్తే సరిపోతుంది కదా, రికార్డు చేయడమెందుకన్నాడు.

"యంత్రం ఊరుకోవడం వేరు, మనిషి పక్కన నిలబడి ఊరుకోవడం వేరు" అంది ఆవిడ. "నేను ఊరుకుంటాను. మీరు రికార్డు చేయండి."

ఆవిడ ఊరుకుంది. మేమూ ఊరుకున్నాం. వేళ్ళు కొంకర్లు పోతుంటే నేను చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాను. నిమిషమయ్యాక ఆవిడ సంతకం పెట్టింది, నా వ్యాన్ డాష్‌బోర్డు మీద, కాగితానికి కళ్ళు ఆనించి.

వారం తిరక్కుండా మా మేనేజర్ ఆ అమ్మాయి పేపర్ల మీద సంతకం పెట్టాడు. ఆ తర్వాత నన్ను గదిలోకి పిలిచి, "ఇకమీదట నువ్వు టెస్టింగ్ మాత్రమే చెయ్యి, లీడ్‌గా వద్దు" అన్నాడు. న్యాయమే అనిపించింది. రిటైరయ్యేదాకా మళ్ళీ లీడ్ అవలేదు. ఆ రోజు నుంచి నా రిపోర్టుల కింద ఒక లైను అదనంగా రాసేదాన్ని, ఇది ఎవరెవరు తప్పన్నారు అని. కొత్తవాళ్ళు నవ్వుకునేవారు.

ఆ అమ్మాయికి అదృష్టం కలిసొచ్చి వీసా వచ్చింది. రెండేళ్ళు మాతోనే ఉండి, తర్వాత రెడ్‌మండ్ వెళ్ళింది, పెళ్ళి చేసుకుంది. పండక్కీ పబ్బానికీ ఫోన్ చేసేది. రెండువేల పధ్నాలుగులో ఒకరోజు పొద్దున్నే ఫోన్ మోగింది. అప్పటికి నేను రిటైరై ఆర్నెల్లయింది. ఇడ్లీ పిండి గిన్నెల్లో పోస్తున్నాను.

"ఆంటీ, నేను ఎక్కడున్ననో చెప్పండి."

"రెడ్‌మండ్‌లో ఇప్పుడు తెల్లారలేదుగా. ఎక్కడమ్మా?"

"మన పార్కింగ్ లాట్‌ల. నిజమైన దాంట్ల. నార్త్ సైడ్ ఉన్న."

మొగుడితో కలిసి ఆ ఊరు చూడడానికి వెళ్ళిందట. సబ్బుబిళ్ళ పరికరాలు పోయి, ఇప్పుడంతా ఫోన్‌లోనే వస్తోందట. గొంతు మాత్రం పెద్దావిడదే. ఆవిడ పోయి మూడేళ్ళయిందని టికెట్లిచ్చే వాళ్ళు చెప్పారట.

"ఆంటీ, లాస్ట్ స్టాప్ నడుస్తుంది. ఇయర్‌ఫోన్ ఫోన్‌కు పెడుతున్న. వినండి."

ఆ గొంతు వినపడింది. ఇక నేనేమీ చెప్పను, ఒక నిమిషం వీళ్ళతో నిలబడండి అంది. నేను గరిటె పక్కనపెట్టి, స్టవ్ దగ్గర నిలబడ్డాను. దూరంగా ఏదో దొర్లుతున్న చప్పుడు. షామ్‌బర్గ్ షాపింగ్ కార్ట్లు అవి, వ్యాన్ అద్దాలు దాటి, దుప్పట్లు దాటి లోపలికి వచ్చాయి. ఆ తర్వాత మరీ సన్నగా ఇంకో చప్పుడు. కాస్త ఆగి మళ్ళీ వచ్చింది. నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అవి నా గాజులు. వ్యాన్‌లో చలికి చేతులు రుద్దుకుంటుంటే మోగిన గాజులు.

నిమిషం అయిపోయింది. అటువైపు ఆ అమ్మాయి ముక్కు ఎగబీల్చింది.

"విన్నరా ఆంటీ?"

"నీకు ముందే తెలుసా?"

"ఆ రోజే వినొచ్చింది. తీసేద్దామనే కూసున్న. ఎవరూ లేనోళ్ళు ఉన్న దగ్గర మీ గాజులు ఉంటే ఉండనీ అనిపించింది. మీకు చెప్తే బగ్ అని రాస్తరని చెప్పలే."

మాట సరిగ్గానే చెప్పింది. రాసేదాన్నే. ఇప్పుడు కూడా ఆ కెథీడ్రల్ వాళ్ళకి ఒక్క మెయిల్ పెడితే రెండు నిమిషాల్లో తీసేస్తారు. ముప్పై ఏళ్ళు తప్పులు రాస్తూ బతికిన నేను, ఆ ఒక్కటీ ఎవరికీ రాయలేదు.